తాత తుపాకి: హన్మకొండ బీరువా నుంచి డాలస్ గ్యారేజీ దాకా

అమెరికాలో ఎక్కడ కాల్పులు జరిగినా, తెల్లారేసరికి మన వాట్సాప్ గ్రూపుల్లో రెండు జట్లు తయారవుతాయి. "అక్కడి తుపాకులన్నీ గుంజుకుంటే గానీ బాగుపడరు" అని ఒక జట్టు. "మనకాడ కూడా ఇంటికొకటి ఇస్తే దొంగలు ఇటు దిక్కు రారు" అని ఇంకో జట్టు. వరంగల్, కరీంనగర్, నిజామాబాద్ కాలనీల్లో పిల్లలు అమెరికాలో ఉన్న ఇళ్లు చాలా ఉన్నాయి కాబట్టి వాదన వేడిగానే సాగుతుంది. కానీ వాదించేవాళ్లలో కొందరి ఇళ్లలోనే, చీరల వెనకాల, తాత కాలం నాటి జంట గొట్టాల తుపాకి నిలబెట్టి ఉంటుంది. అది ఖాళీదో కాదో అడిగితే వెంటనే జవాబు రాదు. హక్కు సంగతి మాట్లాడదాం గానీ, ముందు ఆ బీరువా సంగతి తేల్చుకోవాలన్నది నా అభిప్రాయం. ఇంట్లో జరిగే ప్రమాదాల్లో ఎక్కువ భాగానికి రాజ్యాంగంతో పని లేదు, తాళంతోనే పని.

చరిత్ర కొంచెం చెప్పక తప్పదు. అమెరికా వాడికి తుపాకి అంటే రాజు మీద తిరగబడిన రైతు గుర్తొస్తాడు. మనకు గడి, అంటే దొర కోట, గుర్తొస్తుంది. 1946 జులై 4న కడవెండిలో ఊరేగింపుగా వెళ్తున్న జనం మీద విసునూరు దేశ్‌ముఖ్ మనుషులు కాల్పులు జరిపితే దొడ్డి కొమరయ్య నేలకొరిగాడు. అప్పుడు జనం చేతుల్లో ఉన్నవి కర్రలు, వడిసెలలు. ఇక్కడ తుపాకి సామాన్యుడి హక్కుగా కాకుండా దొరతనానికి గుర్తుగా పెరిగింది. ఇప్పటికీ నడుముకు రివాల్వర్ కనిపించేలా ఫంక్షన్ హాలుకు వచ్చే కాంట్రాక్టర్లలో ఆ వాసన పోలేదు.

ఇది నిజాం రాజ్యం సంగతి. బ్రిటిష్ ఇండియాలో కథ వేరు. 1878 ఆయుధాల చట్టం ప్రజల చేతుల్లోంచి ఆయుధాలు లాగేసింది. దాని మీది కోపంతోనే 1931 కరాచీ కాంగ్రెస్ తీర్మానంలో, నిబంధనలకు లోబడి ఆయుధాలు ఉంచుకునే హక్కు కూడా చేరింది. 1948 డిసెంబరులో రాజ్యాంగ సభలో హెచ్.వి. కామత్ అదే హక్కును ప్రాథమిక హక్కుల్లో చేర్చాలని సవరణ తెచ్చారు. అంబేడ్కర్ ఒప్పుకోలేదు. ఆయుధం పట్టడం మనిషి హక్కు కావడం కన్నా, అవసరమైనప్పుడు బాధ్యత కావాలన్నది ఆయన వాదన. చివరికి 19వ అధికరణంలో మిగిలింది "ఆయుధాలు లేకుండా, శాంతియుతంగా" సమావేశమయ్యే హక్కు. 2023 ఫిబ్రవరిలో లైసెన్సు లేని ఆయుధాల సంగతి విచారిస్తూ సుప్రీంకోర్టు కూడా ఇదే గుర్తుచేసింది: అమెరికాలోలాగా ఇక్కడ తుపాకి ప్రాథమిక హక్కు కాదు, చట్టం ఇచ్చే అనుమతి మాత్రమే.

ఆ అనుమతి 1959 ఆయుధాల చట్టం, 2016 నిబంధనల కింద వస్తుంది. వయసు 21 నిండాలి. పోలీస్ కమిషనరేట్ ఉన్న చోట, అంటే వరంగల్, కరీంనగర్, రామగుండం, నిజామాబాద్ లాంటి చోట్ల కమిషనర్ దగ్గర దరఖాస్తు. మిగతా జిల్లాల్లో కలెక్టర్ దగ్గర. ఫారం ఏ-1, దాంతో డాక్టర్ ధ్రువపత్రం, తుపాకి వాడకంలో భద్రతా శిక్షణ పొందినట్టు కాగితం, ఆ పైన స్థానిక ఠాణా విచారణ. 2019 సవరణ తర్వాత ఒక మనిషికి గరిష్ఠంగా రెండే తుపాకులు (అంతకు ముందు మూడు), లైసెన్సు గడువు మూడేళ్ల నుంచి ఐదేళ్లు. వారసత్వంగా వచ్చింది కూడా ఆ రెండింటిలోనే లెక్క. తిరస్కరిస్తే అప్పీలుకు వెళ్లొచ్చు. ఆస్తి లేదన్న ఒక్క కారణంతో తిరస్కరించకూడదని 14వ సెక్షన్‌లో రాసే ఉంది. ఆ వాక్యం చదివి నవ్వుకునేవాళ్లు మన జిల్లాల్లో తక్కువేం కాదు.

సరే, బీరువా దగ్గరికి వద్దాం.

మన ఇళ్లలోని పాత లైసెన్సు తుపాకుల్లో ఎక్కువగా కనిపించేది 12 బోర్ జంట గొట్టాలది (బోర్ అంటే గొట్టం లోపలి వెడల్పు కొలత, అంకె పెరిగేకొద్దీ గొట్టం సన్నం). గొట్టాలు 28 లేదా 30 అంగుళాలు, బిగించాక మొత్తం పొడవు దాదాపు నాలుగడుగులు. ఇనుప బీరువా లోపలి లాకర్‌లో అది పట్టదు. అందుకే బట్టల వెనక నిలబెడతారు. చిక్కంతా అక్కడే మొదలవుతుంది. బీరువా తాళంచెవి దేవుడి పటం వెనకో, బీరువా నెత్తిమీదో, అమ్మ కొంగు ముడిలోనో ఉంటుంది. ఆరేళ్ల పోరడికి కూడా ఆ జాగా తెలుసు. "మావాడికి తెల్వది" అని పెద్దవాళ్లు అనుకోవడమే తప్ప, ఇంట్లో తీపి ఎక్కడుందో పసిగట్టిన పిల్లవాడికి చెవి ఎక్కడుందో తెలియకుండా ఉండదు.

దీనికి ఖర్చులేని పరిష్కారం తుపాకిని విప్పి పెట్టడం. జంట గొట్టాల తుపాకి మూడు ముక్కలుగా వస్తుంది: గొట్టాలు, ట్రిగ్గర్లున్న యాక్షన్‌తో (పేల్చే యంత్రభాగంతో) కూడిన, భుజానికి ఆనించే కట్టె, గొట్టాల కింద చేత్తో పట్టుకునే చిన్న చెక్క ముక్క. ఆ చిన్న చెక్క ముక్కను, తూటాలను లాకర్‌లో పెట్టండి. గొట్టాలు ఒక బీరువాలో, కట్టె ఇంకో బీరువాలో. రెండు బీరువాల చెవులు ఇద్దరు వేర్వేరు పెద్దవాళ్ల దగ్గర. విప్పడం ఇష్టం లేకపోతే కేబుల్ తాళం వాడండి. తుపాకిని తూటా పెట్టేటప్పటిలా మడిచి తెరిచి, కేబుల్‌ను మూతి (గొట్టం ముందు కొన) వైపు నుంచి లోపలికి దూర్చి వెనక నుంచి బయటికి తీసి తాళం వేస్తే, ఇక అది మూసుకోదు. మూసుకోని తుపాకి పేలదు. ట్రిగ్గర్ మీద బిగించే తాళం మాత్రం నాకు అంతగా నచ్చదు. తూటాలున్న నిండు తుపాకికి దాన్ని బిగించబోతే ఆ తాళమే ట్రిగ్గర్‌ను నొక్కే ప్రమాదం ఉంది. వాడాలనుకుంటే ఖాళీ అని రెండుసార్లు చూసుకున్నాకే.

రివాల్వర్, పిస్టల్ ఉన్నవాళ్లకు చిన్న ఉక్కు సేఫ్ చాలు. కానీ బోల్టులతో బిగించని సేఫ్ అంటే దొంగ సంకలో పెట్టుకుని పోయే పెట్టె. నాలుగు యాంకర్ బోల్టులతో కాంక్రీటుకు బిగించాలి. పాత హన్మకొండ ఇళ్ల మట్టి గోడలు, సున్నం గోడలు బోల్టును పట్టవు, అక్కడ నేల స్లాబులోకి బిగించాలి. నంబరు తాళమైతే పుట్టిన తేదీ, బండి నంబరు పెట్టకండి. బ్యాటరీ తాళమైతే ఏడాదికోసారి బ్యాటరీ మార్చండి, దాంతో వచ్చిన అత్యవసర చెవిని అదే సేఫ్‌లో పెట్టి తాళం వేయకండి (పెడతారు, నిజంగానే పెడతారు).

ఖాళీ చేయడంలో వరుస ముఖ్యం. ఏ తుపాకి అయినా ముందు మూతిని మనుషులు లేని దిక్కుకు తిప్పాలి. మేడ మీది గదిలో ఉంటే నేల వైపు కూడా క్షేమం కాదు, కింద ఎవరో ఉంటారు. వేలు ట్రిగ్గర్ గార్డు బయటే ఉండాలి. జంట గొట్టాల దాంట్లో పైనున్న లీవర్‌ను పక్కకు నెట్టి మడిచి, రెండు తూటాలు తీసి, రెండు గొట్టాల్లోంచీ వెలుతురు కనిపిస్తోందో లేదో చూడాలి. మన ఆర్డినెన్స్ ఫ్యాక్టరీ .32 రివాల్వర్ కూడా పైనుంచి మడిచేదే. మడిచి, ఆరు గదులూ ఒక్కొక్కటిగా వేలితో తడిమి చూడాలి.

పిస్టల్ దగ్గరే చాలామంది బోల్తా పడతారు. ముందు మ్యాగజైన్ (పిడిలో ఉండే తూటాల డబ్బా) తీయాలి, ఆ తర్వాతే స్లైడ్ (పిస్టల్ మీద ముందుకూ వెనక్కీ జరిగే పైభాగం) వెనక్కి లాగాలి. తిరగేసి చేస్తే, అంటే ముందు స్లైడ్ లాగి తర్వాత మ్యాగజైన్ తీస్తే, స్లైడ్ ముందుకు పోతూ మ్యాగజైన్‌లోంచి కొత్త తూటాను ఛాంబర్‌లోకి (పేలే ముందు తూటా కూర్చునే గదిలోకి) నెడుతుంది. చేతిలో మ్యాగజైన్ ఉంది కాబట్టి పిస్టల్ ఖాళీ అనుకుంటాడు. "తుడుస్తుంటే పేలింది" అని పేపర్లో వచ్చే వార్తల వెనక తరచూ ఉండే పొరపాటు ఇదే. స్లైడ్‌ను వెనక్కి లాగి ఆపి, ఛాంబర్‌లోకి కంటితో చూసి, చిటికెన వేలు పెట్టి తడమండి. చూపు ఒక్కటి చాలదు, రాత్రి పూట అసలే చాలదు.

సేఫ్టీ క్యాచ్ మీద నమ్మకం పెట్టుకున్నవాళ్లకు ఒక మాట. చాలా జంట గొట్టాల తుపాకుల్లో ఆ క్యాచ్ ట్రిగ్గర్‌ను మాత్రమే ఆపుతుంది, లోపలి సుత్తిని కాదు. యాభై ఏళ్ల తుపాకిలో సుత్తిని పట్టి ఉంచే పన్ను అరిగిపోయి ఉంటే, కింద పడ్డ దెబ్బకు క్యాచ్ వేసి ఉన్నా పేలుతుంది. మంచం కింద నుంచి మూతి పట్టుకుని తన వైపుకు లాగడం, జీపులో సీటుకు ఆనించి నిలబెట్టడం, నిండు తుపాకితో పొలం కంచె దాటడం — ఈ మూడూ అందుకే ప్రాణాంతకం.

ఇక తూటాలు. 12 బోర్ ఇంట్లో 20 బోర్ తూటా ఒక్కటి కూడా ఉండకూడదు. అది సన్నగా ఉంటుంది కాబట్టి 12 బోర్ ఛాంబర్‌లోంచి ముందుకు జారి గొట్టంలో ఇరుక్కుంటుంది. పైనుంచి చూస్తే ఛాంబర్ ఖాళీగా కనిపిస్తుంది. తూటా వేయడం మరిచానేమో అనుకుని 12 బోర్‌ది పెట్టి కాలిస్తే గొట్టం చీలిపోతుంది, దాన్ని పట్టుకున్న ఎడమ చెయ్యి పోతుంది. ఈ ప్రమాదం వల్లే 20 బోర్ తూటాలను పసుపు రంగులో చేయడం ఆనవాయితీ అయింది. ఏ రంగుదైనా, ఏ డబ్బాలో ఉన్నా, పెట్టే ముందు ఇత్తడి అడుగున రాసింది చదవాలి.

రెండో చిక్కు పొడవు. గడీల కాలం నాటి విలాయతీ తుపాకుల్లో చాలావాటి ఛాంబర్లు 65 మిల్లీమీటర్ల తూటాకు చేసినవి. 70 మిల్లీమీటర్ల తూటా వాటిలో చక్కగా పట్టేస్తుంది, ఎందుకంటే ఆ కొలత పేలి మూతి విచ్చుకున్నాక తూటాకు ఉండే పొడవు. పేలేటప్పుడు ఆ మూతి విచ్చుకోవడానికి జాగా చాలక ఒత్తిడి పెరిగిపోతుంది. గొట్టం మీద అలలు అలలుగా గీతలు కనిపిస్తే అది ఇనుము, ఉక్కు పట్టీలు మెలేసి చేసిన డమాస్కస్ గొట్టం కావచ్చు, పాత నల్ల తుపాకిమందు కాలానిది. దాన్ని గోడకు వేలాడదీసే ముచ్చట తప్ప కాల్చే ముచ్చట పెట్టుకోవద్దు. గోడకు తగిలించినా లైసెన్సు మాత్రం ఉండాలి.

ట్రిగ్గర్ నొక్కితే "టిక్" మని ఊరుకుంటే, వెంటనే మడవకండి. మూతిని అదే దిక్కులో ఉంచి కనీసం 30 సెకన్లు ఆగండి, మందు ఆలస్యంగా అంటుకోవచ్చు. మోత మామూలు కన్నా మందంగా, దెబ్బ తక్కువగా అనిపిస్తే ఇంకోటి కాల్చకండి. ముందుది గొట్టంలోనే ఆగి ఉండొచ్చు.

తూటాలను తుపాకితో కలిపి పెట్టవద్దు. ఎండ తగిలే కారులో, దీపం వెలిగే దేవుడి గదిలో, వంటింటి అటక మీద వద్దు. వాటికి నూనె రాయకండి. నూనె ప్రైమర్‌లోకి (తూటా అడుగున దెబ్బకు నిప్పు పుట్టించే భాగంలోకి) దిగితే మందు చస్తుంది. ఇల్లు అంటుకుంటే ఫైర్ వాళ్లకు తుపాకి ఉందని ముందే చెప్పండి. విడిగా ఉన్న తూటా మంటలో పగిలితే డొల్ల ముక్కలు కొద్ది దూరం ఎగురుతాయి. కానీ నిండు తుపాకి మంటలో వేడెక్కితే, ఎవరో ట్రిగ్గర్ నొక్కినట్టే కాలుస్తుంది.

తుడవడం గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే మనవాళ్లు కొబ్బరినూనె రాస్తారు. శీతాకాలం వరంగల్ చలికి అది గడ్డ కడుతుంది, తర్వాత జిగురుగా మారి దుమ్మును పట్టుకుంటుంది. గన్ ఆయిల్ లేకపోతే కుట్టుమిషన్ నూనె నయం, అదీ పల్చగా ఒక పొర. తుడిచేటప్పుడు ఆ గదిలో తూటా ఒక్కటి కూడా ఉండకూడదు. కడ్డీని వీలైనంత వరకు వెనక నుంచి, అంటే ఛాంబర్ వైపు నుంచి దూర్చాలి. ముందు ఇత్తడి బ్రష్, తర్వాత పొడి గుడ్డ, చివర నూనె గుడ్డ. ఎన్ని గుడ్డలు లోపలికి పోయాయో అన్నీ బయటికి వచ్చాయో లేదో లెక్కపెట్టండి. వానాకాలంలో తోలు కవరులోనో, స్పాంజి కవరులోనో పెట్టి మూసేస్తే అది చెమ్మను పీల్చి ఇనుముకు అంటిస్తుంది. కవరు ప్రయాణానికే. బీరువాలో సిలికా జెల్ పొట్లాలు పెట్టండి. నిలబెట్టేట్టయితే మూతి కిందికి పెట్టండి, లేకపోతే నూనె కారి కట్టె మెత్తబడుతుంది.

దసరా ఒక ప్రత్యేక సందర్భం. ఆయుధపూజకు తుపాకిని బయటికి తీసి, పసుపు కుంకుమలు పెట్టి, నీళ్లు చల్లి, జమ్మి కోసం వెళ్లి వచ్చేదాకా హాల్లోనే ఉంచుతారు. ఇంటి నిండా చుట్టాలు, పిల్లలు, సాయంత్రానికి దావత్. పూజకు పెట్టేది విప్పిన తుపాకి కావచ్చు, దేవుడికి అభ్యంతరం ఉండదు. పూజ కాగానే తడి తుడిచి నూనె రాసి తాళం వేయాలి, పసుపు నీళ్ల మచ్చ ఉన్నచోట రెండు రోజుల్లో తుప్పు మొదలవుతుంది. "ఒక్కటి పైకి కాలుద్దాం బావా" అన్న సరదా 2019 తర్వాత విడిగా నేరం: పెళ్లి బరాత్ అయినా, పండుగ అయినా, ఇతరుల ప్రాణాలకు ముప్పు తెచ్చేలా సంబరంగా కాలిస్తే రెండేళ్ల దాకా జైలు, లేదా లక్ష రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ.

ఇప్పుడు అసలు చిక్కుముడి. తాత పోయాడు. కొడుకు రిటైరై హన్మకొండలో, మనవడు డాలస్‌లో. తుపాకి బీరువాలోనే ఉంది. కర్మకాండ అయిపోయాక భూములు, బ్యాంకు ఖాతాలు గుర్తొస్తాయి గానీ తుపాకి గుర్తుకు రాదు. లైసెన్సు తాత పేరు మీద ఉంది, తాతతోనే పోయింది. ఆ రోజు నుంచి ఆ ఇంట్లో ఉన్నది లైసెన్సు లేని ఆయుధం. 21వ సెక్షన్ ప్రకారం అనవసర ఆలస్యం లేకుండా దగ్గరి ఠాణాలో గానీ, లైసెన్సున్న డీలరు దగ్గర గానీ జమ చేయాలి. మరణ ధ్రువపత్రం, పాత లైసెన్సు పుస్తకం, తూటాల లెక్క తీసుకెళ్లండి. రసీదులో తుపాకి నంబరు, బోర్, తూటాల సంఖ్య రాయించుకోండి. ఆ తర్వాత వారసుల్లో ఎవరు తీసుకోవాలో తేల్చుకుని, మిగతావాళ్ల అంగీకారంతో కొత్త లైసెన్సుకు దరఖాస్తు చేయాలి. ఎవరికీ వద్దంటే డీలరుకు అమ్మేయొచ్చు. తాత బతికుండగానే చేసే దారి కూడా ఉంది: లైసెన్సుదారుకు 70 ఏళ్లు నిండినా, తుపాకి 25 ఏళ్లుగా ఉన్నా, తాను ఎంచిన వారసుడికి బదిలీ కోరవచ్చు. ఈ పని తాత ఆరోగ్యంగా ఉన్నప్పుడే చేసుకోవడం మంచిది. పోయాక అన్నదమ్ముల మధ్య ఎకరం కన్నా తుపాకి మీదే పంతం ఎక్కువైన ఇళ్లు ఉంటాయి.

అలాగే, నౌకరుకో, మామిడితోట కాపలా మనిషికో తుపాకి ఇచ్చి పంపడం. 3వ సెక్షన్ ఒప్పుకునేది కొద్దిగానే: లైసెన్సుదారు పక్కన ఉన్నప్పుడు, లేదా అతను రాసిచ్చిన అధికారంతో, మరమ్మతుకో, లైసెన్సు రెన్యువల్‌కో, అతని వాడకం కోసమో మోసుకెళ్లవచ్చు. రాత్రంతా తోటలో ఉంచుకోమని ఇవ్వడం అందులోకి రాదు.

ఎన్నికలప్పుడు జమ చేయడం అందరికీ తెలిసిందే. ఇంట్లోనే ఖాళీ చేసి, తూటాలు విడిగా లెక్కపెట్టి పొట్లం కట్టి తీసుకెళ్లండి. ఠాణా బల్ల మీద ఖాళీ చేయడం మొదలుపెట్టకండి. తిరిగి తెచ్చుకున్నాక ముందు గొట్టంలోంచి వెలుతురు చూడండి. రెండు నెలలు కదలకుండా ఉన్న గొట్టంలో మట్టి గూడు కట్టే పురుగుకు బాగా నచ్చుతుంది. ఆ మట్టి గొట్టాన్ని పగలగొట్టడానికి చాలు.

ములుగు, భూపాలపల్లి, ఆసిఫాబాద్ అడవి అంచు ఊళ్లలో ముందు నుంచి మందు కూరే నాటు తుపాకుల సంగతి ఇక్కడ పెద్దగా రాయను. పంట రక్షణకు అలాంటి తుపాకికి లైసెన్సు ఇవ్వడానికి 1959 చట్టంలోనే వీలుంది, కానీ పందిని కాల్చాలంటే దానికి అనుమతి వేరే కావాలి. లైసెన్సు లేనిది దాచి ఉంటే మరమ్మతు చేయించలేరు, గొట్టం అతుకు ఎప్పుడు విడిపోతుందో తెలియదు. ఇక అడవి పందికని కరెంటు తీగ పెట్టడం మనుషుల్ని చంపుతోంది. అది తుపాకి కన్నా పెద్ద సమస్య, దాని మీద విడిగా రాయాలి.

డాలస్ మనవడి దగ్గరికి. అమెరికాలో తుపాకి ఉంచుకునే హక్కు ఇచ్చే రాజ్యాంగ రెండో సవరణ 1791 నాటిది. అక్కడి సుప్రీంకోర్టు 2008 హెల్లర్ తీర్పు ఇంట్లో ఆత్మరక్షణకు తుపాకి వ్యక్తిగత హక్కు అంది, 2022 బ్రూయెన్ తీర్పు దాన్ని వీధి దాకా తెచ్చింది, 2024 రహీమీ తీర్పు గృహహింస ఉత్తర్వు ఉన్నవాడి చేతిలోంచి తుపాకి తీసేయొచ్చంది. ఇవన్నీ అక్కడి పౌరుల వాదన. మన పిల్లల్లో చాలామందికి వర్తించేది ఇంకోటి: ఎఫ్1, హెచ్1బీ లాంటి తాత్కాలిక వీసాల మీద ఉన్నవాళ్లు తుపాకి గానీ తూటా గానీ దగ్గర ఉంచుకోవడం ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. వేట లైసెన్సు లాంటి కొద్ది మినహాయింపులు ఉన్నాయి, కానీ "టెక్సస్‌లో అందరూ కొంటారు" అన్నది మినహాయింపు కాదు. గ్రీన్‌కార్డు ఉన్న అన్న కొనిచ్చినా ఇద్దరూ ఇరుక్కుంటారు. ఒకరి కోసం ఇంకొకరు కొనడానికి 2022 చట్టం 15 ఏళ్ల దాకా శిక్ష పెట్టింది. షూటింగ్ రేంజిలో (కాల్పుల సాధన చేసే చోట) అద్దెకు తీసుకుని కాల్చడం కూడా "దగ్గర ఉంచుకోవడం" కిందికే వస్తుంది. ఫేస్‌బుక్ ఫొటోనే సాక్ష్యం.

పౌరసత్వం, గ్రీన్‌కార్డు వచ్చిన మనవాళ్లు కొంటున్నారు. అందులో తప్పేం లేదు. తప్పల్లా మంచం పక్క డ్రాయర్‌లో నిండుగా పెట్టడం. టెక్సస్‌లో 17 ఏళ్లలోపు పిల్లల చేతికి చిక్కేలా వదిలేయడం నేరం. మసాచుసెట్స్‌లో తాళం తప్పనిసరి. మిషిగన్‌లోని ఆక్స్‌ఫర్డ్ హైస్కూల్లో 2021 నవంబరు 30న నలుగురు విద్యార్థుల్ని చంపిన కుర్రాడి తల్లిదండ్రులు, జెన్నిఫర్, జేమ్స్ క్రంబ్లీలకు 2024లో 10 నుంచి 15 ఏళ్ల చొప్పున శిక్ష పడింది. తాళం వేయని ఇంటికి కోర్టు వేసిన లెక్క అది.

మనవడి పుట్టినరోజుకని ఆరు నెలలు వెళ్లే అమ్మమ్మలు, నానమ్మలు చేయగలిగిన పని ఒకటుంది. పిల్లవాడు ఆడుకోవడానికి ఇంకొకరి ఇంటికి వెళ్లేటప్పుడు అడగడం. మనకు మొహమాటం అడ్డం. వాళ్ల ఇంట్లో కుక్క ఉందా అని అడగమా? అదే గొంతుతో: "అన్నా, మా పోరడు వస్తుండు. మీ ఇంట్ల గన్ ఉంటే లాక్ల ఉంటది కదా?" తెలుగు ఇల్లయినా అడగాలి, తెలుగు ఇల్లయితే ఇంకా అడగాలి. ఎందుకంటే కొన్నవాడు భార్యకు కూడా చెప్పి ఉండకపోవచ్చు. పిల్లలకు "కనిపిస్తే ముట్టుకోకు, ఆ గదిలోంచి బయటికి రా, పెద్దవాళ్లకు చెప్పు" అని నేర్పండి, కానీ ఆ మాట తాళానికి బదులు కాదు.

అక్కడి లెక్కల్లో మనం గమనించనిది ఒకటి. 2021లో అమెరికాలో తుపాకి వల్ల పోయిన 48,830 ప్రాణాల్లో 26,328 ఆత్మహత్యలు. వార్తల్లో వచ్చేవి సామూహిక కాల్పులు, లెక్కలో ఎక్కువ ఉన్నవి ఇవి. ఈ మాట వరంగల్‌లో అర్థం చేసుకోవడం కష్టం కాదు. పత్తి చేలల్లో పురుగుమందు డబ్బా ఇంట్లో అందుబాటులో ఉండటం వల్ల ఎన్ని కుటుంబాలు కూలిపోయాయో మనకు తెలుసు. చావాలనిపించే ఆ గడియ చాలాసార్లు దాటిపోతుంది, ఆ గడియలో చేతికి ఏం అందుతుందన్నదే తేడా తెస్తుంది. ఇంట్లో ఎవరైనా దిగులుగా ఉన్నా, అప్పుల్లో మునిగినా, తాగుడు పెరిగినా, తుపాకిని కొంతకాలం ఇంట్లోంచి తీసేయండి. సేఫ్ కస్టడీకి లైసెన్సున్న డీలర్లు ఉంచుతారు. మాట్లాడటానికి ఇక్కడ టెలీ మానస్ 14416, అమెరికాలో 988.

వాట్సాప్ జట్ల దగ్గరికి వస్తే, తుపాకి కావాలనే జట్టు చెప్పేదాంట్లో ఒకటి నిజం: మన లైసెన్సు పద్ధతిలో పలుకుబడి ఉన్నవాడికి ఒక వేగం, లేనివాడికి ఒక వేగం. దేశంలో తుపాకి హత్యల్లో ఎక్కువ భాగం లైసెన్సు లేనివాటితోనే జరుగుతున్నాయి కాబట్టి, లైసెన్సుదారుల్ని మాత్రమే తిప్పలు పెట్టడం వల్ల ఒరిగేది తక్కువ. కానీ దానికి మందు ఇంటికో తుపాకి ఇవ్వడం అని నేననుకోను. నిద్రలోంచి లేచి, చీకట్లో, తాళం తీసి, తూటా పెట్టి, ఎదురుగా ఉన్నది దొంగా ఇంటి మనిషా తేల్చుకునేంత సాధన మనలో ఎందరికుంది? సాధన లేనివాడు వేగం కోసం తుపాకిని నిండుగా, తాళం లేకుండా పెడతాడు. ఆ తుపాకి దొంగ వచ్చే ఒక్క రాత్రికి కాకుండా మిగతా రాత్రులన్నింటికీ ప్రమాదం. వీధిలో వెలుగు, గేటుకు మంచి తాళం, ఒక కుక్క, ఒక సీసీ కెమెరా, పోలీసులకు 112 నంబరు. ఇవన్నీ కలిపినా రివాల్వర్ ధర కన్నా తక్కువే.

ఇంకో చిన్న సంగతి, అమెరికా నుంచి వచ్చేవాళ్లకు. రేంజికి తీసుకెళ్లిన బ్యాగునే ఇండియా ప్రయాణానికి సర్దకండి. అడుగు మడతలో ఒక్క తూటా మిగిలినా విమానాశ్రయం స్కానర్‌లో పడుతుంది, కేసు నమోదవుతుంది. బ్యాగులో ఉందని తనకు తెలియదని రుజువైతే కోర్టులు కొట్టేసిన సందర్భాలు ఉన్నాయి, కానీ అప్పటికి పెళ్లికి వచ్చినవాడి సెలవులు కోర్టు చుట్టూ తిరగడంలోనే అయిపోతాయి. గుర్తుగా తెచ్చుకున్న ఖాళీ డొల్లలు, తాళంచెవుల గొలుసుకు వేలాడే తూటా బొమ్మలు కూడా అక్కడే తీసేయండి. బ్యాగును తలకిందులు చేసి, పక్క జేబులన్నీ తిప్పి దులిపి, ఆ తర్వాతే పచ్చళ్ల డబ్బాలు తెచ్చుకునే జాగా చూసుకోండి.